నూట నలభై రంగులు

అతని భార్యను తడి మెట్లు చంపాయి. వాటిని తడిపి వదిలేసింది ఆఫీసులో తుడిచే మనిషి. ఇందులో వాదించడానికి ఏమీ లేదు.

ఏడేళ్ళ కిందట ఒక బుధవారం పొద్దున, మూడో అంతస్తులోని ఆఫీసు నుంచి దిగుతూ, ఇంకో నాలుగు మెట్లు దిగితే నేల అనగా ఆమె పడింది. తల గోడ అంచుకు కొట్టుకుంది. రెండు రోజులు కళ్ళు తెరవకుండా ఉండి మూడో రోజు పోయింది. పడిన వేళకు తుడిచే మనిషి బకెట్టు రెండో అంతస్తు మలుపులో ఉంది.

"నేను పైనుంచి కిందికి తుడుచుకుంటూ వస్తాను సార్. బకెట్టు ఇంకా పైనే ఉంది. కింద తడి ఎక్కడిది?" అని ఆమె ఆ రోజే అడిగింది. అతను వినిపించుకోకుండా నోటికొచ్చిన మాటలన్నీ అన్నాడు. తప్పు చేసినవాళ్ళకు మాటలు బాగా వస్తాయని అతని నమ్మకం.

ఆమెను పనిలోంచి తీసెయ్యమన్నాడు. ఆఫీసు వ్యవహారాలు చూసేది బామ్మర్ది. బామ్మర్ది తియ్యలేదు. సొంత అక్క చచ్చిన మెట్ల మీద ఆ మనిషినే మళ్ళీ చీపురు పట్టనిచ్చాడు. ఆ రోజు నుంచి అతను బామ్మర్దితో పని మాటలు తప్ప మాట్లాడలేదు. పండుగకూ పబ్బానికీ ఆ ఇంటి గడప తొక్కలేదు. తుడిచే మనిషి మెట్లు తుడుస్తుంటే కావాలని బూట్లతో ఆ తడి మీదుగా నడిచి వెళ్ళేవాడు. ఆమె ఏమీ అనకుండా మళ్ళీ తుడిచేది. ఏడేళ్ళు అలాగే గడిచాయి.

ఆఫీసులో అతన్ని పలకాయన అంటారు. పల్లెటూరి బడిలో పలక మీద లెక్కలు చేసి పైకి వచ్చినవాడు. ఇప్పటికీ ప్రోగ్రాం రాసే ముందు ఒళ్ళో పలక పెట్టుకుని బలపంతో గీస్తాడు. తప్పయితే అరచేత్తో తుడిచేస్తాడు. కొత్తగా చేరినవాళ్ళు నవ్వుతారు. నెల తిరిగేసరికి వాళ్ళే వచ్చి, ఈ చిక్కు కూడా కాస్త పలక మీద చూడమని అడుగుతారు.

వాళ్ళు చేసే ప్రోగ్రాం ఒక్కటే. గుడ్డల మీద అచ్చు వేసే మిల్లులకు అది కావాలి. డిజైన్లు గీసేవాళ్ళు కంప్యూటర్ తెర మీద పువ్వో తీగో గీసి రంగులు నింపుతారు. తెర మీద చూసిన రంగే రేపు గుడ్డ మీదికి రావాలి. రాకపోతే వేల గజాలు చెత్తబుట్ట పాలు. అందుకని ప్రోగ్రాం లోపల ఒక పట్టిక ఉంటుంది. మిల్లులో వాడే ప్రతి అద్దకానికీ తెర మీద ఎరుపు ఎంత, పచ్చ ఎంత, నీలం ఎంత కలిపితే అదే రంగు కనిపిస్తుందో అందులో అంకెలుంటాయి. మొత్తం ఆరు వందల పన్నెండు రంగులు.

ఆ పట్టిక అతని భార్యది.

పెళ్ళికి ముందు ఆమె ఒక మిల్లులో రంగులు కలిపేది. బకెట్టులో కర్ర తిప్పి, కర్ర చివర బొట్టు చూసి, ఇందులో ఏది తక్కువో చెప్పేది. ఉత్తరం వైపు కిటికీ ఉన్న గదికి బూడిదరంగు సున్నం వేయించి, అందులో కూర్చుని, ఎడమచేతిలో గుడ్డముక్క పట్టుకుని తెర వైపు చూసేది. మొదట్లో అతను పక్కనే కూర్చుని మీటలు నొక్కేవాడు. ఎరుపు రెండు తగ్గించండి అనేది. తగ్గించేవాడు. అయ్యో, ఎక్కువైంది, ఒకటి పెంచండి అనేది. పెంచేవాడు. ఆ రెండుకూ ఒకటికీ తేడా అతని కంటికి ఎన్నడూ ఆనలేదు. కాపురం మొత్తం మీద అతను ఎదురు చెప్పకుండా ఒకరి మాట విన్నది ఆ గదిలోనే. తర్వాత్తర్వాత అతనికి తీరిక లేక, ఆమే మీటలు నొక్కుకునేది.

ఇప్పుడా ప్రోగ్రాంను ఒక ఆపరేటింగ్ సిస్టం మీది నుంచి ఇంకో దాని మీదికి మార్చాల్సి వచ్చింది. పాత సిస్టం తయారు చేసినవాళ్ళు ఇక దాని బాగోగులు చూసేది లేదన్నారు. మిల్లులు కొత్త యంత్రాలు కొంటున్నాయి. అన్నిటికన్నా పెద్ద మిల్లు వాళ్ళు నాలుగు నెలలు గడువు పెట్టారు. ఆలోపు కొత్త సిస్టం మీద నడిస్తే సరే, లేకపోతే వేరే ప్రోగ్రాం చూసుకుంటామన్నారు. ఆ మిల్లు పోతే ఆఫీసు లేదు. ఆఫీసు లేకపోతే ఆ పట్టికా లేదు. అతనికి మొదటిదాని మీద బెంగ లేదు.

నారు పీకి ఇంకో మడిలో నాటడం లాంటి పని అది. పైకి చూస్తే అదే మొక్క. వేళ్ళు ఎక్కడ తెగాయో పది రోజులైతే గానీ తెలియదు. పాత సిస్టం తెరను పైనుంచి కిందికి లెక్కపెడుతుంది, కొత్తది కిందినుంచి పైకి. మొదటి రోజు డిజైన్లన్నీ తలకిందులుగా వేలాడాయి. బామ్మర్ది తలుపు దగ్గర నిలబడి చూశాడు.

"గబ్బిలాలక్కూడా అమ్ముతున్నామా బావా?" అన్నాడు.

అతను పలక మీంచి తలెత్తలేదు. బామ్మర్ది స్వభావం అంతే. ఏడేళ్ళ నుంచి గోడకు చెప్పుకున్నట్టు జోకులు వేస్తూనే ఉన్నాడు, గోడ నవ్వకపోయినా.

తలకిందులు సరిచేస్తే గీతలు మసకబారాయి. ఒక్కో గీత రెండు చుక్కల మధ్య సగం సగం పడుతోంది. అది సరిచేస్తే అక్షరాలు పెట్టెల్లోంచి బయటికి పొర్లాయి. అక్షరాలు సరిచేస్తే పెద్ద డిజైను జరిపినప్పుడల్లా తెర కునికిపాట్లు పడింది. మింగమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. పాత సిస్టం మీద చెడకూడదు, కొత్త సిస్టం మీద నడవాలి. మూడు నెలలు ఇలాగే పోయాయి. అతనికి యాభై తొమ్మిదేళ్ళు. సాయంత్రం ఇంటికెళ్ళి, అన్నం వండుకునే ఓపిక లేక, మంచం మీద కూర్చుని కాళ్ళ వైపు చూసుకునేవాడు.

అన్నీ ఒక దారికి వచ్చాయనుకున్నాక రంగులు చెడ్డాయి.

అన్నీ కాదు. ఆరు వందల పన్నెండులో నూట నలభై. అన్నిటిదీ ఒకటే రోగం, తెర మీద నీలం ఎక్కువగా కనిపిస్తోంది. మామిడి చిగురు రంగు సముద్రపు నాచులా ఉంది. గులాబి రంగు వాడిపోయి ఊదాలోకి తిరిగింది. పాత యంత్రం మీద అవే రంగులు చక్కగా ఉన్నాయి. పట్టికలో ఒక్క అంకె మారలేదు.

బామ్మర్ది ఈసారి జోకు వేయలేదు. లోపలికి వచ్చి తలుపు మూశాడు. పట్టిక పాతదైపోయిందని, రంగులు కొలిచే పరికరం ఒకటి అద్దెకు తెస్తానని, వారం కూర్చుంటే ఆరు వందల పన్నెండూ కొత్తగా కొలిచెయ్యొచ్చని చెప్పాడు. ఇప్పుడు లోకమంతా అలాగే చేస్తోందన్నాడు.

"పట్టిక వదిలెయ్ బావా. గడువు మూడు వారాలే ఉంది."

"మీ అక్క పట్టిక అది."

"నాకు తెలియదా?"

"తెలిస్తే ఆ మాట ఎలా వచ్చింది నీ నోట?"

బామ్మర్ది తలుపు తీసుకుని వెళ్ళిపోయాడు. అతను మూసుకున్న ఆ తలుపు వైపే చూశాడు. అక్కను చంపిన మనిషిని పనిలో ఉంచుకున్నవాడు, అక్క పట్టికను పారెయ్యమనడంలో వింతేముంది అనుకున్నాడు.

పరికరం వచ్చింది. అతనే తెప్పించాడు. బామ్మర్ది చెప్పినందుకు కాదు, ఆమె కన్ను యంత్రం కన్నా తక్కువది కాదని అంకెల్లో చూపించి ఆ నోరు మూయించడానికి. అరచేతిలో పట్టే నల్లటి డబ్బా, కింద గాజు కన్ను. గుడ్డముక్క మీద పెడితే ఒక అంకె చెబుతుంది, తెర మీద పెడితే ఇంకో అంకె చెబుతుంది. రెండూ దగ్గరగా ఉంటే రంగు కుదిరినట్టు. పాత యంత్రం తెర మీద ఒక్కొక్క రంగూ వరసగా పెట్టి చూశాడు. మూడు రోజులు పట్టింది. ఆరు వందల పన్నెండూ కుదిరాయి. యంత్రం చెప్పింది, ఆమె ఎప్పుడో చెప్పింది, రెండూ ఒకటే. ఆ సాయంత్రం చాలా రోజుల తర్వాత అన్నం వండుకున్నాడు.

మర్నాడు కొత్త యంత్రం దగ్గర కూర్చున్నాడు. తప్పు కొత్త సిస్టందేనని ఖాయం చేసుకున్నాడు. అది రంగుల్లో తనంతట తాను చెయ్యి పెడుతుందని అందరూ అంటారు. ఆ చెయ్యి తీసేశాడు. నూట నలభై అలాగే ఉన్నాయి. వేరే తెర తగిలించాడు. అలాగే ఉన్నాయి. అప్పుడు పలక ఒళ్ళో పెట్టుకున్నాడు. చిన్నప్పుడు బడిలో పంతులు చెప్పిన మాట గుర్తొచ్చింది. వాన పడితే ఊరంతా తడవాలి. ఒక్క ఇంటి కప్పే తడిసిందంటే అది వాన కాదు, ఎవరో నీళ్ళు పోశారు.

సిస్టం తప్పయితే ఆరు వందల పన్నెండూ చెడాలి. ఈ నూట నలభైలో ఏముంది?

పట్టికలో ప్రతి రంగు పక్కనా దాన్ని ఆఖరుసారి సరిచేసిన తేదీ ఉంటుంది. నూట నలభై తేదీలూ పలక మీద రాశాడు. పట్టక, రాసి తుడిచి, మళ్ళీ రాశాడు. అన్నీ ఆమె బతికున్న ఆఖరి రెండేళ్ళవి. ఆ రెండేళ్ళలో ఆమె ముట్టుకున్న రంగులు నూట నలభై. అంతకు ముందువి ఒక్కటి కూడా చెడలేదు.

పరికరం చెప్పే అంకెల పక్కన ఆమె అంకెలు పెట్టి చూశాడు. తప్పు ఆమె అంకెల్లోనే ఉంది. మొదటి నెలల్లో నీలం నాలుగు ఎక్కువ. తర్వాత తొమ్మిది. ఆఖరి నెలలో ఇరవై రెండు. రెండుకూ ఒకటికీ తేడా కనిపెట్టిన మనిషి.

మరి పాత యంత్రం మీద ఎలా కుదిరాయి? పట్టికకూ తెరకూ మధ్య ఎవరో సర్దుతున్నారు. ఆ మధ్యన ఉన్నది ఒకటే, రంగును తెర మీదికి చేర్చే ప్రోగ్రాం ముక్క. ఆఫీసు పెట్టిన కొత్తలో దాన్ని రాసింది బామ్మర్ది. కొత్త సిస్టంకు ఆ పని చేసే ముక్క తనదే ఉంటుంది కనుక, మార్పు మొదలెట్టిన రోజే దాన్ని పక్కన పెట్టారు. అది నా పాత చెత్త బావా, చదవక్కర్లేదు, పారెయ్ అని బామ్మర్దే అన్నాడు. పరాయివాడు రాసిందైతే అతను అక్షరం అక్షరం చదివేవాడు. బామ్మర్దిది కనుక ముట్టుకోవడానికి కూడా మనసు రాక వదిలేశాడు.

మధ్యాహ్నం అందరూ భోజనాలకు లేచాక ఆ ఫైలు తెరిచాడు. మధ్యలో అదనంగా పదకొండు వరసలు. ఫలానా తేదీ తర్వాత మారిన రంగైతే నీలంలో ఇంత తగ్గించు. ఇంకో తేదీ దాటితే ఇంకొంచెం. అలా ఐదు మెట్లు. ఆఖరి తేదీ ఆమె పడడానికి నాలుగు రోజుల ముందుది. వాటి పైన మనుషులు చదువుకోవడానికి రాసిన ఒక వాక్యం ఉంది.

అక్క కళ్ళు. ఆపరేషన్ అయ్యాక తీసేయాలి.

అతను ఆ వాక్యాన్ని పలక మీద రాసుకున్నాడు. ఎందుకో తనకే తెలియదు. పలక పట్టుకుని బామ్మర్ది గదిలోకి వెళ్ళి, ఏడేళ్ళుగా ఎన్నడూ కూర్చోని కుర్చీలో కూర్చుని, దాన్ని బల్ల మీద పెట్టాడు.

బామ్మర్ది తినబోతూ తెరిచిన అన్నం డబ్బాకు మూత మళ్ళీ పెట్టేశాడు.

"పట్టిక వదిలెయ్యమన్నది ఇందుకే బావా."

"ఎప్పటినుంచి?"

"పోవడానికి రెండేళ్ళ ముందు నుంచి. మిల్లు వాళ్ళు నీలం తేడా కొడుతోందని నాకు ఫోన్ చేశారు. అక్కనడిగా. రెండు కళ్ళలోనూ శుక్లాలట. పసుపుపచ్చ అద్దంలోంచి చూసినట్టు ఉంటుందంది. గుడ్డ పరవాలేదు, తెర మీద నీలం మాత్రం సరిగ్గా అందదంది. అందుకని నీలం పెంచుకుంటూ పోయింది. నేను వెనకనుంచి తగ్గించుకుంటూ వచ్చా."

"చిన్న ఆపరేషన్. గంట పని."

"తేదీ కూడా తీసుకుంది. కొత్త వెర్షన్ మిల్లుకు వెళ్ళాక చేయించుకుంటానంది."

"నాకెందుకు చెప్పలేదు?"

బామ్మర్ది డబ్బాను పక్కకు జరిపాడు. "రంగుల మాస్టారిని ఏమన్నావో గుర్తుందా?"

గుర్తుంది. ఆఫీసు పెట్టిన కొత్తలో ఆమెతోపాటు ఒక ముసలి మాస్టారు రంగులు చూసేవాడు. ఒకసారి ఎరుపును మట్టిరంగు చేశాడు. కళ్ళు పోయినవాడికి రంగుల గదిలో ఏం పని, ఇంటికెళ్ళి అరుగు మీద కూర్చోమనండి అని అతను అందరి ముందే అన్నాడు. మాస్టారు కళ్ళజోడు తుడుచుకుని, సంచీ తీసుకుని వెళ్ళిపోయాడు. ఆ రాత్రి ఆమె వడ్డించింది గానీ తినలేదు. అతను అడగలేదు.

"నీకు తెలిస్తే ఆ గదికి తాళం వేస్తావంది. ఒట్టు వేయించుకుంది నా దగ్గర. చచ్చినా చెప్పొద్దంది. చచ్చాక చెప్పొచ్చో లేదో అడిగే వీలు లేకపోయింది."

అతను పలక వైపు చూస్తూ అడిగాడు. "మెట్లు?"

"పొడిగా ఉన్నాయి బావా. అంచులు ఆనేవి కావు ఆమెకు. రోజూ నేనే చెయ్యి పట్టి దింపేవాణ్ణి. ఆ రోజు ఫోన్ వచ్చింది. ఒక్క నిమిషం ఆగక్కా అన్నా. ఆగలేదు. నేను లేనప్పుడు ఆ తుడిచే ఆమె పట్టుకుని దింపేది. ఆమె దగ్గరా ఒట్టు వేయించుకుంది అక్క. నువ్వు ఆ రోజు అన్ని మాటలన్నా, మెట్లు పొడిగా ఉన్నాయని చెప్పుకుంది గానీ అమ్మగారికి కళ్ళు కనపడవని నోరు జారలేదు. అలాంటి మనిషిని ఏ మొహంతో తీసెయ్యను?"

అతను పలకను తన వైపు లాక్కున్నాడు.

"తిలా పాపం తలా పిడికెడు బావా. నా పిడికెడు నేను మోస్తున్నా."

అతనికి ఆ మాట నచ్చలేదు. పంచుకుంటే తరిగే సరుకు కాదది. లేచి, పలక చంకలో పెట్టుకుని తన గదికి వెళ్ళాడు.

కూర్చున్నాక ఇంకోటి జ్ఞాపకం వచ్చింది. పోవడానికి మూణ్ణెల్ల ముందు ఆమె అడిగింది. "ఏమండీ, ఆ మెట్ల అంచులకు కాస్త తెల్లరంగు గీత వేయిస్తారా?" అని. ఎవరి కోసమన్నాడు. వచ్చేపోయే వాళ్ళ కోసమంది. రోజూ ఎక్కి దిగే మెట్లు తెలియనిది ఎవరికన్నాడు. వారం తర్వాత ఆమె మళ్ళీ అడిగింది. అప్పుడతను పలక మీద ఏదో గీస్తున్నాడు. జవాబు కూడా చెప్పలేదు. మూడోసారి ఆమె అడగలేదు.

సాయంత్రం దాకా పలక మీద ఏమీ రాయలేదు.

గడువుకు పదమూడు రోజులుంది. చేతిలో పరికరం ఉంది. నూట నలభై అంకెలూ సరిచేసి పట్టికలో పెడితే రెండు రోజుల పని. శుభ్రమైన పని. ఎవరైనా అదే చేస్తారు. మొదటి రంగు తెరిచాడు. నీలం దగ్గర ఆమె పెట్టిన అంకె ఉంది, నూట ముప్పై ఒకటి. నాలుగు తగ్గించాలి. మీట మీద వేలు పెట్టి చాలాసేపు కూర్చున్నాడు. ఆమె అంకెను అతను తనంతట ఎన్నడూ మార్చలేదు. ఆమె చెబితే మార్చాడు. చెప్పే మనిషి లేదు. వేలు తీసేశాడు.

పట్టికను ఉన్నదున్నట్టు కొత్త సిస్టం మీదికి తెచ్చాడు, తప్పులతో సహా. బామ్మర్ది రాసిన పదకొండు వరసలనూ కొత్త సిస్టంకు పట్టేలా తనే మళ్ళీ రాశాడు. ఐదు తేదీలు, ఐదు తగ్గింపులు. ఆమె పెంచినది అలాగే ఉంది, తమ్ముడు తగ్గించినది అలాగే ఉంది. రెండూ కలిస్తే రంగు కుదిరింది. కొత్త తెర మీద పరికరం పెట్టి ఆరు వందల పన్నెండూ చూశాడు. పైనున్న వాక్యాన్ని మాత్రం తేలేదు. తీసేయాల్సిన రోజు ఇక రాదు కనుక ఆ వాక్యంతో పని లేదు.

గడువుకు రెండు రోజుల ముందు ప్రోగ్రాం మిల్లుకు వెళ్ళింది. వాళ్ళు ఒక తాను అచ్చు వేసి చూసి, బాగుందన్నారు. పాతదాన్లాగే ఉందన్నారు. అంతకుమించిన మెచ్చుకోలు ఈ పనిలో ఉండదు. ఆఫీసులో మిఠాయి పంచారు. అతను తన వంతు బల్ల మీదే వదిలేశాడు.

మర్నాడు పొద్దున దిగుతుంటే తుడిచే మనిషి రెండో అంతస్తు మలుపులో ఉంది. అతన్ని చూసి ఎప్పటిలాగే బకెట్టు పక్కకు జరిపి గోడకు ఒదిగి నిలబడింది. అతను నడవలేదు. పై మెట్టు మీద ఆగిపోయాడు. ఆమె కాసేపు చూసి, ఏమీ అర్థం కాక, మళ్ళీ వంగి తుడవడం మొదలుపెట్టింది. పైనుంచి కిందికి, ఒక్కొక్క మెట్టూ, మూలలతో సహా. అతను చూస్తూ నిలబడ్డాడు. ఆమె అడుగు మెట్టు దాకా వెళ్ళి, గుడ్డ పిండి, బకెట్టు ఎత్తుకుంది.

"ఆరడానికి పది నిమిషాలు పడుతుంది సార్," అంది, పైకి చూడకుండానే.

"సరే," అన్నాడు. ఏడేళ్ళలో ఆమెతో అన్న మొదటి మాట అది. క్షమించమని అడగలేదు. అడగడం అతనికి రాదు, ఆమె అడిగించుకునేలానూ లేదు. మెట్లు ఆరాక, గోడ పట్టుకుని, అంచులు చూసుకుంటూ దిగాడు.

కింద తలుపు దగ్గర బామ్మర్ది లోపలికి వస్తూ నిలబడిపోయి ఉన్నాడు. అంతా చూసినట్టున్నాడు. మధ్యాహ్నం పలకాయన గదిలోకి వచ్చి, రెండు టీలు బల్ల మీద పెట్టి, ఎదురుగా కూర్చున్నాడు.

"బావా, ఆ రోజు మెట్ల మీద..."

"ఎత్తకు," అన్నాడు అతను. "ఆ మెట్ల సంగతి గానీ, ఆమె కళ్ళ సంగతి గానీ నా దగ్గర ఇంకెప్పుడూ ఎత్తకు. నేనూ ఎత్తను. ఇప్పుడు పని ఉంటే చెప్పు."

బామ్మర్ది పని ఉందన్నాడు. కొత్త సిస్టం మీద అచ్చు వేసే దగ్గర పేజీ అంచులు తెగుతున్నాయట. అతను టీ తాగలేదు. పలక దగ్గరికి లాక్కుని, దాని మీద అప్పటిదాకా ఉన్న వాక్యాన్ని అరచేత్తో తుడిచేసి, పేజీ గీశాడు.

ఆ తర్వాత అతను ఆ మాట ఎవరి దగ్గరా ఎత్తలేదు.